లజహర్ విన్న మాట

కెఫ్ ఊళ్ళో బోర్డులు రాసే లజహర్ తాను స్త్రీవాదినని మొదటిసారి చెప్పింది కాఫీ హోటల్లో, పేకాట బల్ల దగ్గర, అదీ ఉక్రోషంతో.

అప్పటికి అతనికి ముప్ఫై దాటి రెండేళ్ళు. ఊళ్ళో ఆడవాళ్ళ సంఘం ఒకటుండేది. ప్రభుత్వాసుపత్రిలో కాన్పులు చేసే హాయత్ దాన్ని నడిపేది. వీధుల్లో ఊరేగనిచ్చే రోజులు కావవి. మార్చి ఎనిమిదికి హాల్లోనే ఒక సభ పెట్టుకుని, గోడకి కట్టడానికి ఒక గుడ్డ రాయించాలనుకున్నారు. అందులో 'బలాత్కారం' అన్న మాట ఉంది. మిగతా ఇద్దరు పెయింటర్లూ కుదరదన్నారు. ఒకడైతే, "మా ఇంట్లో ఆడపిల్లలున్నారమ్మా" అని గుమ్మంలోంచే పంపేశాడు. లజహర్ రాశాడు. ఆ ఒక్క మాటకే ఎర్ర రంగు వాడి, మిగతాదంతా నలుపులో రాశాడు.

మర్నాడు పేకాట దగ్గర అందరూ అతన్ని పట్టుకున్నారు.

"రండి రండి, లజహర్ మేడం వచ్చారు. కుర్చీ తుడవండ్రా."

"ఇంట్లో వంట కూడా నువ్వేనా?"

"లజహర్, నువ్వేమన్నా ఆ సంఘంలో చేరావా, సభ్యత్వం చీటీ ఇచ్చారా?"

"చేరాను," అన్నాడు లజహర్ ముక్కలు పంచుతూ. "నేను స్త్రీవాదిని. ఇంకేమన్నా ఉందా?"

అంతా ఘొల్లుమన్నారు. ఒక్కడు నవ్వలేదు. పక్క బల్ల దగ్గర పేపరు చదువుకుంటున్న మోంజీ లేచొచ్చి అతని భుజం మీద చెయ్యి వేశాడు. "ఈ ఊళ్ళో ఒక మగాడి నోటినుంచి ఈ మాట వింటానని అనుకోలేదు, తమ్ముడూ," అన్నాడు.

మోంజీ హైస్కూల్లో అరబ్బీ పంతులు, యూనియన్ నాయకుడు, యువకుల నాటక సమాజానికి పెద్దదిక్కు. చిన్నా పెద్దా అతన్ని సీ మోంజీ అని గౌరవంగా పిలిచేవాళ్ళు. మాట్లాడితే ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. అలాంటివాడు తమ్ముడూ అనడంతో లజహర్‌కి ఆ మాట అతుక్కుపోయింది. ఆ తర్వాత ఇరవయ్యేళ్ళు సంఘం గుడ్డలన్నీ అతనే రాశాడు. విప్లవం వచ్చి, నియంత పారిపోయి, వీధులు తెరుచుకున్నాక ప్రతి ఊరేగింపులోనూ పక్కన నడిచాడు. రాజధాని నుంచి వచ్చినవాళ్ళకి హాయత్ అతన్ని చూపించి, "మా లజహర్, మా మనిషి," అనేది. అలా అన్నప్పుడు అతను నేల చూపులు చూసేవాడు గానీ, ఆ మాట కోసం ఏడాదంతా ఎదురుచూసేవాడు.

ఆ గుడ్డలకి అంచులు కుట్టేది భార్య నజీహా. కర్రలు దూర్చడానికి రెండు పక్కలా గొట్టాల్లా మడిచి గట్టిగా కుట్టేది. ఒక్క ఊరేగింపుకీ వెళ్ళలేదు. తొమ్మిదేళ్ళు అత్తగారు మంచంలో ఉంది. ఆమెకి నీళ్ళు పొయ్యాలి, పక్క మార్చాలి, అన్నీ మంచంలోనే. ఆ తర్వాత ఇద్దరు కొడుకుల చదువులు. నజీహాకి ఇలాంటివి ఇష్టం ఉండవని లజహర్ అందరితో చెప్పేవాడు. ఇష్టమో కాదో ఆమెని అడిగిన గుర్తు అతనికి లేదు.

ఇది జరిగింది అలా ఇరవయ్యేళ్ళు గడిచాక, ఒక ఫిబ్రవరి మొదట్లో. కొండమీది చలికి ఊళ్ళో తలుపులన్నీ మూసే ఉన్నాయి. మార్చి ఎనిమిదికి రాయాల్సిన గుడ్డ తొమ్మిది మీటర్లది. దుకాణంలో పరిస్తే ఆ చివర వీధిలోకి వస్తుంది. అందుకని లజహర్ మధ్యాహ్నం యూనియన్ ఆఫీసు మేడమీదికి వెళ్ళి హాల్లో నేలమీద పరుచుకున్నాడు. హాలుకి ఆనుకుని నాటక సమాజం బట్టలూ సామాన్లూ పెట్టుకునే గది ఉంది. మోంజీ కొత్త నాటకం నేర్పుతున్నాడు. మందుల షాపులో పనిచేసే విదాద్ అనే ఇరవై మూడేళ్ళ అమ్మాయిది ముఖ్యమైన వేషం. ఆ రోజు మిగతావాళ్ళెవరూ రాలేదు. "హాల్లో నీకు అడ్డం ఎందుకులే," అని మోంజీ ఆ అమ్మాయిని తీసుకుని గదిలోకి వెళ్ళాడు. తలుపు మూసుకుంది.

లజహర్‌కి ఆ నాటకం మొత్తం నోటికొచ్చు. తెరలు రాస్తూ రెండు నెలలు విన్నాడు. ఇల్లు ఖాళీ చెయ్యమని వచ్చిన యజమానికి ఒక వితంతువు ఎదురుతిరగడం కథ. ఆమె అరుస్తుంది, కుర్చీ తంతుంది. కాబట్టి లోపల కుర్చీ పడ్డప్పుడు అతను తలెత్తలేదు.

తర్వాత ఆ అమ్మాయి గొంతు వినిపించింది. "సీ మోంజీ, తలుపు తియ్యండి."

లజహర్ చేతిలో బ్రష్ ఆగింది. నాటకంలో యజమాని పేరు మోంజీ కాదు.

"తియ్యండి. దయచేసి తియ్యండి." ఈసారి గొంతు ఇంకా తగ్గింది. అరవడానికి కూడా సిగ్గుపడుతున్నట్టుంది.

అతనికీ తలుపుకీ మధ్య ఎనిమిది అడుగుల దూరం ఉంటుంది. మోకాళ్ళ మీద ఉన్నాడు. లేవడానికి ఒక చెయ్యి నేలకి ఆన్చాడు కూడా. మోంజీ ముఖం గుర్తొచ్చింది. తలుపు తీస్తే అక్కడ ఏమీ లేకపోతే ఏం మాట్లాడాలో తోచలేదు. ఏమన్నా ఉంటే ఏం మాట్లాడాలో అసలే తోచలేదు. ఆన్చిన చెయ్యి తీసేసి మళ్ళీ గీత మొదలుపెట్టాడు. అరబ్బీలో మాట చివరన కింద సాగదీసి రాసే పొడుగాటి గీత అది. అది పూర్తయ్యాక గట్టిగా దగ్గాడు. కాసేపాగి ఇంకోసారి దగ్గాడు.

అతను చేసింది అంతే.

తలుపు తెరుచుకుంది. విదాద్ కోటు చేత్తో పట్టుకుని బయటికొచ్చింది. ఒక కాలి బూటు తొడుక్కోనేలేదు, మడమ తొక్కుకుంటూ నడుస్తోంది. అతన్ని చూసి ఒక్క క్షణం నిలబడింది. అతను రంగు డబ్బా మూత వెతుక్కుంటున్నట్టు తల దించాడు. మెట్లమీద ఆమె దిగిపోతున్న చప్పుడు వినిపించింది.

కాసేపటికి మోంజీ కళ్ళజోడు తుడుచుకుంటూ వచ్చాడు. "ఈ పిల్ల నరాలు గట్టివి కావయ్యా. ఇంత వేషం మొయ్యలేదు. టీ ఏమన్నా ఉందా?"

లజహర్ ఫ్లాస్కులోంచి రెండు గ్లాసులు పోశాడు. ఇద్దరూ తాగారు. మోంజీ గుడ్డ చూసి అక్షరాలు బాగా కుదిరాయన్నాడు.

పది రోజుల తర్వాత విదాద్ పోలీసులకి ఫిర్యాదు చేసింది. హాయత్ వెంట ఉండి రాయించింది. మోంజీ గడియ పెట్టి తనని గోడకి అదిమి బట్టలు లాగాడని, నోరు మూశాడని, బయట ఎవరో దగ్గితే వదిలాడని ఆ అమ్మాయి చెప్పింది. ఆ దగ్గిందెవరో కూడా చెప్పింది.

ఆ సాయంత్రమే హాయత్ దుకాణానికొచ్చింది. కూర్చోలేదు.

"నువ్వక్కడ ఉన్నావా?"

"ఉన్నాను. నాటకం నేర్చుకుంటున్నారనుకున్నాను, హాయత్."

"నువ్వేమనుకున్నావో నేనడగలేదు. ఏం విన్నావు?"

అతను బ్రష్ కిరసనాయిల్లో ముంచి తుడిచాడు, మళ్ళీ ముంచాడు.

"రేపు నిన్ను పిలుస్తారు," అంది హాయత్. "ఏం విన్నావో అది చెప్పు. ఒక్క ముక్క ఎక్కువ అక్కర్లేదు, తక్కువ అక్కర్లేదు."

ఆమె వెళ్ళిన గంటకి మోంజీ వచ్చాడు. వేడి రొట్టె పట్టుకొచ్చి సగం తుంచి అతని చేతిలో పెట్టి, బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాడు. అతని కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"నన్ను సమర్థించమని నిన్ను అడగను, తమ్ముడూ. ఆ పిల్లని కూడా తప్పు పట్టను. భయపడింది, ఏదో అర్థం చేసుకుంది. కానీ ఒక్కటి ఆలోచించు. ఇది బయటపడితే సంబరపడేదెవరు? ఆడపిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టాలనేవాళ్ళు. నాటకాలాడితే ఇంతే అంటారు. ఇరవయ్యేళ్ళ మన కష్టం. ఊళ్ళో ఒక్క ఆడపిల్లనీ మళ్ళీ మెట్లెక్కనివ్వరు. అది కావాలా నీకు?"

"నేను విన్నాను, మోంజీ," అన్నాడు లజహర్ చాలా మెల్లగా.

"నువ్వు విన్నది నాటకం," అన్నాడు మోంజీ. "నువ్వు స్త్రీవాదివి. ఆడవాళ్ళకి ఏది మంచిదో ఆలోచించి చెప్పు."

మర్నాడు పోలీస్ స్టేషన్లో లజహర్, హాల్లో గ్యాస్ హీటర్ చప్పుడు ఎక్కువగా ఉందని, లోపలి మాటలేవీ తనకి వినపడలేదని, చలికి దగ్గానని రాయించాడు. కింద సంతకం పెట్టాడు. చక్కటి సంతకం. అక్కడి ఇన్‌స్పెక్టరు కూడా, "మీ చేతిరాత అద్భుతం," అన్నాడు.

వేరే సాక్ష్యం లేదని రెండు వారాల్లో ఫైలు పక్కన పెట్టేశారు.

ఆ గుడ్డ అప్పటికి నజీహా మిషను దగ్గరుంది. ఊళ్ళో మాటలు ఆమె చెవినా పడ్డాయి గానీ అడగలేదు. అంచు మడుస్తూ ఒకచోట ఆగింది. "ఇక్కడ చెయ్యి వణికిందేం?" అంది.

లజహర్ వచ్చి చూశాడు. సాగదీసిన గీత మధ్యలో చిన్న వంకర. ఇంకెవరూ కనిపెట్టలేరు.

"ఇరవయ్యేళ్ళుగా కుడుతున్నాను. నీ గీత ఎప్పుడూ వంకర పోలేదు," అంది నజీహా. "అప్పుడేనా?"

"అప్పుడే."

"విన్నావా?"

"విన్నాను."

ఆమె సూది పైకెత్తి గుడ్డ మిషను మీంచి తీసేసింది.  మాట్లాడినప్పుడు గొంతులో కోపం కూడా లేదు.

"మన పెళ్ళైన కొత్తల్లో మీ అన్న సాదుక్ పెరట్లో నన్ను కొట్టాడు, గుర్తుందా? చొక్కా ఇస్త్రీ సరిగా లేదని. రెండుసార్లు కొట్టాడు. నువ్వు లోపలి గదిలో ఉన్నావు."

"నిద్రపోతున్నానేమో..."

"దగ్గావు," అంది నజీహా. "నేను విన్నాను. నువ్వు దగ్గగానే వాడు ఆపాడు. అప్పుడు నీమీద నాకు ప్రేమ పుట్టింది కూడా. పాపం, ఎదురు చెప్పలేక దగ్గాడులే, అదే పదివేలు అనుకున్నాను. పందొమ్మిదేళ్ళదాన్ని మరి."

 ఆ దెబ్బలు లజహర్‌కి నిజంగానే గుర్తులేవు. అన్న చనిపోయినప్పుడు నజీహా ఏడవలేదని మాత్రం గుర్తుంది. రాతిగుండె అని అప్పుడు తిట్టాడు కూడా.

గుడ్డ అంచు కుట్టకుండానే మిగిలిపోయింది. దాంతో పనీ పడలేదు, సంఘం వాళ్ళు తీసుకెళ్ళడానికి రాలేదు. మార్చి ఎనిమిదిన ఆడవాళ్ళు అట్టముక్కల మీద చేత్తో రాసుకుని నడిచారు. అక్షరాలు ఒకటి పెద్దవి, ఒకటి చిన్నవి. లజహర్ దుకాణం గుమ్మంలో నిలబడ్డాడు. హాయత్ తల తిప్పకుండా ముందుకెళ్ళిపోయింది.

విదాద్‌ని మందుల షాపు వాళ్ళు మాన్పించారు. కొనడానికి వచ్చినవాళ్ళు మందులు మానేసి ఆ పిల్లని చూస్తున్నారట. తండ్రి కాఫీ హోటలుకి రావడం మానేశాడు. ఏప్రిల్లో ఆ అమ్మాయి సముద్రం ఒడ్డునున్న సూసా పట్నానికి వెళ్ళిపోయి, ఫోన్లలో మాట్లాడే ఉద్యోగంలో చేరిందని తెలిసింది.

ఆగస్టులో వచ్చే జాతీయ మహిళా దినోత్సవానికి మోంజీ వేదికెక్కాడు. ఎప్పటిలాగే బాగా మాట్లాడాడు. ఎప్పటిలాగే, "నేను మగవాణ్ణే, అయినా స్త్రీవాదిని," అన్నాడు, చప్పట్లు పడ్డాయి. లజహర్ చేతులు కూడా అలవాటు కొద్దీ లేచాయి. పక్కన కూర్చున్న ముసలాయన, "మీ ఇద్దరూ ఈ ఊరికి అందం," అన్నాడు.

సెప్టెంబరులో యూనియన్ వాళ్ళు బోర్డుకి రంగు తేలిపోయిందని పిలిచారు. లజహర్ మేడెక్కేసరికి హాల్లో ఎవరూ లేరు. సామాన్ల గది తలుపు మూసి ఉంది. లోపల ఒక ఆడపిల్ల గొంతు. అతను నిచ్చెన కింద పడేసి వెళ్ళి తలుపు తోసేశాడు. గడియ పెట్టి లేదు. అవతల ఇద్దరమ్మాయిలు, ఒక అబ్బాయి, మోంజీ కాగితాలు పట్టుకుని చదువుకుంటున్నారు.

అందరూ అతన్నే చూశారు.

"ఏంటి సీ లజహర్, నీక్కూడా వేషం కావాలా?" అన్నాడు మోంజీ. పిల్లలు నవ్వారు. మోంజీ నవ్వలేదు. అతని కళ్ళల్లో లజహర్ ఎప్పుడూ చూడనిదొకటి ఆ రోజు చూశాడు. అది భయం.

బోర్డు రాయకుండానే మెట్లు దిగాడు. అలాగే రంగు మరకల చేతులతో కోర్టుకి వెళ్ళి, ఫిబ్రవరిలో తానిచ్చిన వాంగ్మూలం అబద్ధమని చెప్పాడు. దర్యాప్తు జడ్జి వయసులో అతనికన్నా చిన్నది, జలుబు చేసి ఉంది. ముక్కు తుడుచుకుంటూ అంతా విని, "ఇది రాసుకుంటే మీమీద తప్పుడు సాక్ష్యం కేసు పడొచ్చు, తెలుసా?" అంది.

"రాసుకోండి."

"ఇన్నాళ్ళూ ఏం చేశారు?"

"బోర్డులు రాశానమ్మా," అన్నాడు. 

ఫైలు మళ్ళీ తెరిచారు. విదాద్ వచ్చి మళ్ళీ చెప్పాలన్నారు. హాయత్ దగ్గర నంబరు తీసుకోవడానికి ముఖం చెల్లక, లజహర్ బస్సెక్కి సూసా వెళ్ళి ఆ ఆఫీసు గేటు దగ్గర నిలబడ్డాడు. సాయంత్రం వదిలాక విదాద్ బయటికొచ్చింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది. అతన్ని చూసి పారిపోలేదు, పలకరించనూ లేదు.

"నిజం చెప్పేశానమ్మా," అన్నాడు లజహర్. "కోర్టులో. నేను విన్నది విన్నట్టు చెప్పాను."

"ఎవరికోసం చెప్పారు?"

"నీకోసం."

"నాకోసమైతే ఫిబ్రవరిలో చెప్పేవారు," అంది విదాద్. "మీకు నిద్ర పట్టక చెప్పారు. ఇప్పుడు నేను మళ్ళీ వచ్చి, మళ్ళీ అందరి ముందు మొదటినుంచీ చెప్పాలి. ఇక్కడ నా పక్క సీటు అమ్మాయిక్కూడా తెలియదు. సెలవు పెడితే ఎందుకంటారు. అదంతా ఆలోచించారా?"

అతను ఆలోచించలేదు. క్షమించమని అడగడానికి వచ్చాడు. బస్సులో ఆ మాటలన్నీ కూర్చుకున్నాడు. అడగలేక, "నువ్వు రానక్కర్లేదు," అన్నాడు.

"అది మీరు చెప్పక్కర్లేదు," అంది విదాద్. మలుపు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "మీరు దగ్గినప్పుడు నేనేమనుకున్నానో తెలుసా? వస్తున్నారనుకున్నాను."

వసంతంలో విచారణ జరిగింది. విదాద్ వచ్చింది. ముందు బెంచీ మీద తల్లికీ హాయత్‌కీ మధ్య కూర్చుంది. మోంజీ లాయరు ఆమెని ఎక్కువ అడగలేదు. ప్రశ్నలన్నీ లజహర్ కోసం అట్టేపెట్టాడు. మొదటి వాంగ్మూలం తీసి, హీటరు సంగతి, చలి సంగతి, దగ్గు సంగతి, మాట మాటా తీరిగ్గా చదివాడు.

"ఈ సంతకం మీదేనా?"

"నాదే."

"అప్పుడు అబద్ధమాడారా, ఇప్పుడా?"

"అప్పుడు."

"ఎవరన్నా బెదిరించారా?"

"లేదు. రొట్టె తెచ్చాడు," అన్నాడు లజహర్. గదిలో ఎవరో నవ్వారు.

"మీరు స్త్రీవాదినని చెప్పుకుంటారట. స్త్రీవాది అయినవాడు ఒక ఆడపిల్ల అరుస్తుంటే కూర్చుని బొమ్మలేసుకుంటాడా? అయ్యా, ఇది నమ్మమంటారా? లోపల నిజంగా ఏదన్నా జరిగుంటే మీలాంటి మనిషి ఆ తలుపు తీసేవాడు కాదూ?"

 ఇరవయ్యేళ్ళు లజహర్ కట్టుకున్న మంచి పేరే ఇప్పుడు ఆ అమ్మాయి మీదికి తిరిగింది. "తీసేవాణ్ణి కాదు," అన్నాడు. "తియ్యలేదు."

రెండు మాటలు చెప్పిన సాక్షిని నమ్మలేమని, మిగిలిన ఆధారాలు చాలవని కోర్టు మోంజీని వదిలేసింది. లజహర్‌కి తప్పుడు సాక్ష్యానికి ఆర్నెల్ల శిక్ష వేసి, అమలు చెయ్యకుండా ఆపారు. బయట మెట్ల దగ్గర మోంజీని పూలతో కౌగిలించుకున్నవాళ్ళున్నారు. విదాద్ తల్లి చెయ్యి పట్టుకుని, తిన్నగా బస్సుల స్టాండు వైపు నడిచింది. లజహర్ ఆమె వెనకాల వెళ్ళలేదు.

మోంజీ చెప్పిన జోస్యం మాత్రం నిజమైంది. తీర్పు ఎలా వచ్చినా, తల్లిదండ్రులు ఆడపిల్లల్ని నాటకాలకి పంపడం మానేశారు. ఏడాది తిరక్కుండా నాటక సమాజం మూతపడింది. అమ్మాయిలు సాయంత్రాలు వెళ్ళే చోటు ఊళ్ళో అదొక్కటే ఉండేది. మోంజీ రాజధానికి బదిలీ చేయించుకున్నాడు. యూనియన్ వాళ్ళు లజహర్‌ని పిలవడం మానేశారు. ఒకరు నమ్మకద్రోహి అన్నారు, ఒకరు పిరికివాడన్నారు. సంఘం వాళ్ళు ఏమీ అనలేదు, ఇప్పుడు గుడ్డలు యంత్రం మీద అచ్చు వేయించుకుంటున్నారు.

నజీహా శనివారాలు సంఘానికి వెళ్ళడం మొదలుపెట్టింది. మొదటిసారి వెళ్తుంటే లజహర్, "నేనూ రానా?" అన్నాడు. "వద్దు," అంది. ఏం మాట్లాడుకుంటారో చెప్పదు, అతను అడగడు. వచ్చేసరికి అన్నం వండి ఉంచుతాడు. ఆమె తిని, ఉప్పు తక్కువైతే తక్కువైందంటుంది.

కాఫీ హోటల్లో ఇప్పుడతన్ని ఎవరూ మేడం అనరు. ఎవరూ ఏమీ అనరు.

నిరుడు చలికాలంలో విదాద్ తండ్రి పోయాడు. సమాధి రాయి మీద పేరు చేత్తో రాసేవాడు ఊళ్ళో లజహర్ ఒక్కడే మిగిలాడు. ఒక పొద్దున విదాద్ తల్లి పాలరాయి ముక్క గుడ్డలో చుట్టుకుని దుకాణానికొచ్చింది. పేరూ తేదీలూ రాసిన కాగితం బల్లమీద పెట్టింది.

"అమ్మాయి ఎలా ఉంది?" అన్నాడు లజహర్.

 ఆమె రాయి మీద దుమ్ము అరచేత్తో తుడిచింది.

"ఎప్పటికి కావాలమ్మా?"

"శుక్రవారానికి," అంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "వేరే ఎవరన్నా ఉంటే నీ దగ్గరికి రాకపోదును. రాయడం మాత్రం బాగా రాస్తావు."

ఆమె వెళ్ళాక అతను రాయిని వెలుగులోకి జరుపుకుని, పెన్సిలుతో గీతలు కొట్టుకున్నాడు. గురువారానికే పూర్తిచేసి, ఎదురుపడకుండా, వాళ్ళ వీధి చివర రొట్టెల దుకాణంలో ఇచ్చి వచ్చాడు.